నాన్న పింఛనుకి నోటీసు వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్న హమాలీ పని చేసేవాడు, 2016లో లారీ మీంచి పడి కుడికాలు విరిగింది, రాడ్డు వేశారు, అప్పట్నుంచి మోకాలు సరిగ్గా ముడవదు, కర్ర లేకపోతే నడవలేడు. సదరంలో, అదే వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ పరీక్షలో, 48 శాతం ఇచ్చారు, దివ్యాంగుల పింఛను 6000 వస్తోంది. ఈమధ్య మళ్లీ పరీక్షకి పిలిచారు, డాక్టర్ గారు రెండు నిమిషాలు చూసి పంపించేశారు, ఇప్పుడు 34 శాతం అని సర్టిఫికెట్ వచ్చింది, మీరు అనర్హులు అని నోటీసు కూడా ఇచ్చారు. ఆధార్‌లో నాన్న వయసు 58, నిజానికి 61 పైనే ఉంటుంది. అమ్మకి 54, మిరప కోతలకి పోతుంది. అన్నయ్యకి పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నాడు, 28 వేలు జీతం, కానీ పేరు ఇంకా మా బియ్యం కార్డులోనే ఉంది, లోన్ కోసం ఐటీ రిటర్న్ కూడా వేశాడంట, అందుకే పింఛను పోయిందని ఊళ్లో అంటున్నారు. అన్నయ్యేమో తెలంగాణలో 57కే వృద్ధాప్య పింఛను ఇస్తారు కదా, నాన్నకి 58 కదా, అది పెట్టుకోండి అంటాడు. ఒకాయన 20 వేలు ఇస్తే శాతం పెంచి తెస్తా అంటున్నాడు, ఇంకొకాయన ఆధార్‌లో వయసు మార్పిద్దాం అంటున్నాడు. నాన్న మాత్రం నన్ను దొంగని చేశారు, ఇంక ఏ ఆసుపత్రికీ రాను అని భీష్మించుకు కూర్చున్నాడు. మాకు ఏం చెయ్యాలో తెలీట్లేదు అక్కా.

జవాబు: చెల్లీ, ముందు ఒక పని చెయ్యి, ఆ నోటీసు తీసి దాని మీద తారీఖు చూడు, మీ చేతికి ఏ రోజు వచ్చిందో కూడా పక్కనే పెన్నుతో రాసుకో. అప్పీల్‌కి గడువు ఎంతో ఆ నోటీసులోనే ఉంటుంది. నోటీసు వచ్చిందంటే పింఛను ఆగిపోయిందని కాదు, నీకు అభ్యంతరం ఉంటే చెప్పుకో అని ఇచ్చిన టైమ్ అది. చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు, అనర్హులు అనే మాట చూడగానే గుండె జారిపోయి ఆ కాగితాన్ని ట్రంకుపెట్టెలో పడేసి, వచ్చే నెల ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు రాకపోతే అప్పుడు పరిగెడుతున్నారు, ఈలోపు గడువు అయిపోతోంది.

రెండోది, నీ ఉత్తరంలో మూడు వేరువేరు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. శాతం ఒకటి, వయసు ఒకటి, మీ అన్నయ్య సంగతి ఒకటి. ఊళ్లో వాళ్లు మూడింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు, మీరూ అలాగే కంగారు పడుతున్నారు. నోటీసులో రాసిన కారణం ఒక్కటే, శాతం 40 కంటే తక్కువ అని. కాబట్టి ఇప్పుడు మీరు జవాబు చెప్పాల్సింది కూడా ఆ ఒక్కదానికే. మీ అన్నయ్య ఐటీ రిటర్న్‌కీ ఈ నోటీసుకీ సంబంధం లేదు. ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసుకి వెళ్లి మీరే ఆ అన్నయ్య కథంతా చెప్పి లేని తలనొప్పి తెచ్చుకోవద్దు. దాచమని కాదు చెల్లీ, అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పు అంటున్నా. అన్నయ్య సంగతి కూడా సరిచేసుకోవాల్సిందే, దాని దగ్గరికి తర్వాత వస్తా.

అసలు ఈ పరీక్షలు ఎందుకు మొదలయ్యాయో కొంచెం చెప్తా, ఎందుకంటే మీ నాన్న ఒక్కణ్ణే వేలెత్తి చూపించారు అనుకుంటున్నాడు, అది నిజం కాదు. 2024లో ప్రభుత్వం మారాక వృద్ధాప్య పింఛను 3000 నుంచి 4000 చేశారు, ఏప్రిల్ నుంచి లెక్కేసి జులై 1న బకాయిలతో కలిపి 7000 ఇచ్చారు, మీ ఊళ్లో కూడా అందరికీ గుర్తుండే ఉంటుంది. దివ్యాంగులకి 3000 ఉన్నది 6000 అయింది, పూర్తిగా మంచం పట్టినవాళ్లకి 15 వేలు అయింది. డబ్బులు ఒక్కసారిగా రెట్టింపు, మూడింతలు అయ్యేసరికి, సర్టిఫికెట్లన్నీ నిజమైనవేనా అన్న ప్రశ్న వచ్చింది, 2025 జనవరి నుంచి మళ్లీ పరీక్షలు మొదలుపెట్టారు, ముందు మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకి డాక్టర్లు వెళ్లారు, తర్వాత మిగతావాళ్లని ఆసుపత్రులకి పిలిచారు. ఆగస్టుకల్లా రాష్ట్రమంతా నోటీసులు. 40 శాతం లోపు వచ్చినవాళ్లు అనర్హులు, 60 దాటినవాళ్లయితే వృద్ధాప్య పింఛనులోకి మార్చి 4000, 15 వేలు తీసుకుంటున్నవాళ్లలో అంత తీవ్రంగా లేదు అన్నవాళ్లకి 6000. గొడవ పెద్దదయ్యాక, అప్పీల్ పెట్టుకున్నవాళ్లకి పింఛను ఆపం అని ప్రభుత్వం ప్రకటించింది. అందుకే అప్పీల్ పెట్టడం అంత ముఖ్యం అంటున్నా.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి, చెవులు బాగా వినబడేవాళ్లు చెవిటి కోటాలో తీసుకున్న సంగతులు ఏ మండలంలో అడిగినా చెప్తారు, వాళ్లని తీసెయ్యడం తప్పని నేను అనను. కానీ వాళ్లని పట్టుకోవడానికి వేసిన వలలో మీ నాన్న లాంటివాళ్లు, అంటే 40కి అటూ ఇటూ ఉన్నవాళ్లు పడుతున్నారు, ఇదే నాకు బాధ. కాలు అదే కాలు, రాడ్డు అదే రాడ్డు, ఒక డాక్టర్‌కి 48గా కనపడింది, ఇంకొకాయనకి 34గా కనపడింది. పూర్తిగా మంచంలో ఉన్నాయన శాతం ఎవరు కొలిచినా పెద్దగా మారదు. కర్రతో నడిచేవాడిది మారుతుంది. అలాంటి మనిషిని ఎక్కువసేపు చూడాలి, తక్కువసేపు కాదు.

ఈ 40 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దివ్యాంగుల హక్కుల చట్టం అని 2016లో కేంద్రం చేసింది, అందులో 40 శాతం, అంతకుమించి ఉంటేనే రిజర్వేషన్లూ పథకాలూ లాంటి వాటికి లెక్కలోకి వస్తారు అని గీత గీశారు. పింఛనుకీ అదే గీత. 39 అయితే సున్నా, 40 అయితే 6000. మధ్యలో మెట్లు లేవు. 34 శాతం ఉన్న మనిషి హమాలీ పనికి వెళ్లగలడా అని ఎవరూ అడగరు, ఆ ప్రశ్న ఫారంలోనే లేదు. గట్టిగా మారాల్సిన రూలు ఏదన్నా ఉందంటే నా లెక్కలో ఇదే, ఒంటితో బతికే మనిషికి కాలు మూడోవంతు పోతే పని మొత్తం పోయినట్టే కదా. కానీ రూలు మారేదాకా మనం ఆగలేం, ఉన్న రూల్లోనే మీ నాన్న కాలు సరిగ్గా కొలిచేలా చూసుకోవాలి.

కాలు ఎలా కొలుస్తారో తెలిస్తే సగం పని అయినట్టే. కీళ్లు ఎంతవరకు ముడుచుకుంటాయి, ఎంతవరకు చాస్తాయి, కండరాల్లో బలం ఎంత, నిలబడటం, నడవటం, మెట్లెక్కడం, గొంతుక్కూర్చోవడం, బాసిపట్టు వేసుకోవడం లాంటివి చెయ్యగలడా లేదా, కాలు పొట్టిగా అయిందా, ఇవన్నీ చూసి లెక్కేస్తారు. నొప్పి ఒక్కటే చెప్తే సరిపోదు. మనవాళ్లు ఆసుపత్రికి వెళ్లి చేసేది ఏంటంటే, అయ్యా రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు, సలుపు, మందులకి డబ్బుల్లేవు అని చెప్తారు, అదంతా నిజమే కానీ అదొక్కటే చాలదు, మోకాలు ఇంతే ముడుస్తుంది సార్, కర్ర వదిలి నాలుగడుగులు వెయ్యలేను, కింద కూర్చుంటే ఒకళ్లు పట్టుకుని లేపాలి, దొడ్డికి పోవాలంటే కుర్చీ కావాలి, ఇలా చెప్పాలి. రెండో తప్పు, పరువు కోసం డాక్టర్ ముందు కర్ర పక్కన పెట్టేసి నిటారుగా నిలబడతారు. పెద్దాయన ముందు కర్రేంటి అని. మీ నాన్న కూడా అలా చేశాడేమో అడుగు. లేని కుంటితనం చూపించమని నేను చెప్పట్లేదు, ఉన్నదాన్ని దాచుకోవద్దు అంటున్నా.

ఇక కాగితాలు. 2016లో ఆపరేషన్ చేసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, అప్పటి ఎక్స్‌రేలు, పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, నోటీసు, ఆధార్, పింఛను ఐడీ ఉన్న కాగితం, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టు. పాత ఎక్స్‌రే పోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో రికార్డు సెక్షన్‌లో అడుగు, ఆరోగ్యశ్రీ కింద చేసి ఉంటే రికార్డు ఉండే అవకాశం ఎక్కువ. వీలైతే ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టర్ ఓపీకి వెళ్లి కొత్త ఎక్స్‌రే తీయించి, మోకాలు ఎన్ని డిగ్రీలు ముడుచుకుంటోందో ఓపీ చీటీ మీద రాయించుకో. ప్రైవేటు డాక్టర్ రాసింది సర్టిఫికెట్‌గా పనికిరాదు కానీ బోర్డు ముందు పెడితే కనీసం చూస్తారు. ఒంగోలు వెళ్లాలంటే నీకూ అమ్మకీ ఇప్పుడు బస్సు ఫ్రీయే, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు, నాన్న టికెట్ ఒక్కటే ఖర్చు.

అప్పీల్ పల్లెల్లో ఎంపీడీవో ఆఫీసులో, టౌన్లో అయితే మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో పెట్టాలి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడిగితే దారి చెప్తారు. తెల్లకాగితం మీద నువ్వే రాయి, పెద్ద భాష అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: "అయ్యా, నా పింఛను ఐడీ ఫలానా. నాకు ఫలానా తారీఖున నోటీసు అందింది. 2016లో ప్రమాదంలో నా కుడికాలు విరిగి రాడ్డు వేశారు. మోకాలు ముడవదు, కర్ర లేకుండా నడవలేను. గతంలో 48 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు, ఇప్పుడు 34 శాతం అన్నారు. నా కాలు పరిస్థితి మెరుగుపడలేదు. ఈసారి చూసిన డాక్టర్ కాకుండా వేరే బోర్డుతో మళ్లీ పరీక్ష చేయించగలరు. అప్పీల్ తేలేదాకా నా పింఛను ఆపవద్దని మనవి." కింద సంతకమో వేలిముద్రో. జతచేసిన కాగితాల పేర్లు వరసగా రాయి. అన్నీ జిరాక్సులే ఇవ్వు, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకో. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తారీఖు, సంతకం వేయించుకో. స్టాంపు వెయ్యం అంటే గొడవ పడకు, పోస్టాఫీసుకెళ్లి అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎంపీడీవో పేరున పంపు, ఆ రసీదు దాచుకో. అదీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్ ఉంటుంది, జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం, పాత స్పందన అన్నమాట, అక్కడ ఇస్తే నంబర్‌తో రసీదు ఇస్తారు, 1100కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

తర్వాత మళ్లీ పరీక్షకి తారీఖు ఇస్తారు. ఆ రోజు తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోతే అప్పీల్ పెట్టీ లాభం లేదు.

అక్కడ కూడా 40 లోపే వస్తే? అదే 2016 చట్టంలో 59వ సెక్షన్ ఉంది, సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద పై అధికారికి అప్పీల్ చేసుకోవచ్చు అని. ఇది కొంచెం కాగితాల పని, ఒక్కదానివే చెయ్యక్కర్లేదు. మండల కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ వాళ్లు ఉంటారు, దివ్యాంగులకీ, ఆడవాళ్లకీ లాయర్‌ని ఉచితంగా పెట్టాలని 1987 చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేస్తే మీ దగ్గర ఆఫీసు ఎక్కడో చెప్తారు. శాతం ఎలా లెక్కేశారో ఆ షీటు కాపీ కావాలంటే సమాచార హక్కు కింద అడగొచ్చు, దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో ఇవ్వాలి, పేదరికరేఖ కింద ఉన్నవాళ్లకి ఫీజు కూడా లేదు, కార్డు జిరాక్సు జత చేస్తే చాలు. ఆ షీటు చేతికొస్తే మోకాలు కొలత అసలు రాశారా లేదా అన్నది బయటపడుతుంది. రెండు నిమిషాల్లో చూసి పంపేస్తే కొన్ని గడులు ఖాళీగా ఉండే అవకాశం ఉంది, మీ కేసుకి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇప్పుడు ఆ 20 వేలాయన. వద్దు చెల్లీ. డబ్బులు పోవడం ఒక్కటే కాదు, దివ్యాంగుల కోసం ఉన్న పథకాన్ని మోసంతో తీసుకుంటే అదే చట్టంలో 91వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిజంగా కాలు విరిగిన మనిషి దొంగ కాగితంతో దొరికితే అప్పుడు నిజంగానే దొంగ అంటారు, మీ నాన్న ఏ మాటకి అంత కుమిలిపోతున్నాడో ఆ మాటని మీరే డబ్బులిచ్చి కొనుక్కున్నట్టు అవుతుంది. ఆఫీసులో మనిషే డబ్బులు అడిగితే ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, నంబర్ 1064.

వయసు సంగతి. మీ అన్నయ్య చెప్పింది తెలంగాణ రూలు, అక్కడ వృద్ధాప్య పింఛనుకి 57, మనకి ఏపీలో మామూలుగా 60, ఎస్టీలకీ చేనేత, కల్లుగీత, మత్స్యకారుల్లాంటి వాళ్లకీ 50. డబ్బులు కూడా వేరు, అక్కడ వృద్ధులకి 2016, దివ్యాంగులకి 4016, మన దగ్గర 4000, 6000. యూట్యూబ్‌లో వచ్చే వీడియోల్లో ఏ రాష్ట్రమో చెప్పకుండా పింఛను పెంచారు, వయసు తగ్గించారు అని చెప్తుంటారు, అది నమ్మి చాలామంది సచివాలయానికి వెళ్లి తిరిగొస్తున్నారు. ఆధార్ ప్రకారం నాన్నకి 58 కాబట్టి ఇవాళ వృద్ధాప్య పింఛను రాదు.

నిజం వయసు 61 అంటున్నావు, అది అబద్ధం అని నేను అనను, మన పల్లెల్లో ఆ తరంవాళ్లకి ఆధార్ తీసేటప్పుడు ఆపరేటర్ మొహం చూసి అంచనాగా వేసిన వయసులే ఎక్కువ. కానీ ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, దానికి బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల జాబితా లాంటి గట్టి ఆధారం కావాలి. పైగా పింఛను దగ్గర ఆధార్ అప్‌డేట్ హిస్టరీ కూడా చూస్తారు, పింఛను వయసుకి సరిపోయేలా నిన్నగాక మొన్న వయసు పెరిగిందంటే అక్కడే ఎర్రజెండా పడుతుంది. నాన్న బడికి వెళ్లి ఉంటే, ఆ బడి రికార్డులో పుట్టిన తేదీ దొరికితే, అప్పుడు ఆధార్ సెంటర్లో న్యాయంగా సరిచేయించుకోండి. అది లేకపోతే ఆ జోలికి పోవద్దు, ముఖ్యంగా అప్పీల్ నడుస్తుండగా అస్సలు వద్దు. ఇంకో రెండేళ్లకి కాగితం మీద కూడా 60 వస్తాయి, అప్పటికి ఏ రూలు ఉంటే దాని ప్రకారం వృద్ధాప్య పింఛనుకి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అన్నయ్య సంగతికి వద్దాం. నోటీసుకి సంబంధం లేదన్నా కదా, కానీ ఇది తలుపు వెనక నిలబడి ఉన్న సమస్య, ఎప్పుడైనా లోపలికి రావచ్చు. మన దగ్గర పింఛనుకైనా బియ్యం కార్డుకైనా కుటుంబం మొత్తాన్ని చూస్తారు. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకి 10 వేలు, టౌన్లో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి మినహాయింపు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగిగానీ రిటైరైనవాళ్లుగానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు. కరెంటు నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదు, టౌన్లో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు. ఇదంతా మనిషి వచ్చి చూసేది కాదు, కంప్యూటర్‌లో ఆధార్ నంబర్లు కలిపి చూసేది, అందుకే మీ పొయ్యి దగ్గర ఎవరు తింటున్నారు అన్నది కాదు, కార్డులో ఎవరి పేర్లున్నాయి అన్నదే దానికి కుటుంబం.

మీ అన్నయ్య రిటర్న్ వేసినంత మాత్రాన ట్యాక్స్ కట్టినట్టు కాదు. నెలకి 28 వేలు అంటే ఏడాదికి 3 లక్షల 36 వేలు, దాని మీద కట్టాల్సిన ట్యాక్స్ సున్నా, అతని రిటర్న్ కాగితం మీద కూడా అదే ఉంటుంది, ఆ కాపీ ఒకటి పంపించమను, రేపు ఎప్పుడైనా ట్యాక్స్ పేరుతో ఆపితే అది చూపించొచ్చు. కానీ ఆదాయం రూలు ఒకటుంది కదా, 28 వేలు మీ కుటుంబ ఆదాయంలో కలిస్తే 10 వేలు ఎక్కడ, 28 వేలు ఎక్కడ. అతను నిజంగా వేరే కాపురం ఉంటున్నాడు, పెళ్లయింది, వేరే రాష్ట్రంలో ఉన్నాడు, అలాంటప్పుడు కార్డులో పేరు ఉండటమే తప్పు. సచివాలయంలో బియ్యం కార్డు విభజన, మార్పుల సేవలు 2025 మేలో మళ్లీ తెరిచారు, వెళ్లి అతని పేరు ఎలా వేరు చెయ్యాలో అడగండి, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ కుటుంబంలో ఎవరున్నారో సచివాలయం రాసుకున్న రికార్డులో, కూడా వేరు చేయించండి, ఆ రెండూ వేరువేరు, ఒకటి మార్చి రెండోది మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. అతని పేరు తీస్తే మనిషికి 5 కిలోల లెక్కన అతని బియ్యం తగ్గుతాయి, ఆ కార్డు మీద అతనికి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే ఆరోగ్యశ్రీ, కూడా ఉండదు, అది ముందే అన్నయ్యకీ వదినకీ చెప్పు, తర్వాత మాట పడొద్దు.

ఇంట్లో ఉండి సంపాదిస్తున్న కొడుకుని కాగితం మీద వేరు చేసేవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే విషయం, నేను చెప్పేది మీలా నిజంగా వేరుపడ్డవాళ్లకే.

కరెంటు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది ఎవరికీ తట్టదు. మీ ఆధార్‌కి ఏ మీటరు కలిపి ఉందో ఒకసారి సచివాలయంలో చూపించుకో. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఓనర్ మీటరు, వేరుపడ్డ అన్నదమ్ములకి ఒకే మీటరు, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి మీటరు, ఇలాంటివి కలిసి ఉంటాయి, అందులో యూనిట్లు 300 దాటితే మీకు ఫ్యానూ బల్బూ తప్ప ఏమీ లేకపోయినా కంప్యూటర్ ఒప్పుకోదు. తప్పు మీటరు కలిసి ఉంటే కరెంటాఫీసులో ఏఈ గారి దగ్గర రాయించుకుని సరిచేయించుకోవచ్చు, పింఛను ఆగాక చేయించుకోవడం కంటే ఇప్పుడు చేయించుకోవడం తేలిక.

అమ్మ గురించి నువ్వు ఏమీ అడగలేదు కానీ చెప్తా. ఆమెకి 54, ఒక కుటుంబానికి మామూలుగా ఒకటే పింఛను, 80 శాతం దాటిన దివ్యాంగులు, కిడ్నీ జబ్బు లాంటి వాటికే మినహాయింపు. కాబట్టి ఇప్పుడు మీ ఇంట్లో నాన్న పింఛనే అమ్మ పింఛను కూడా. ఆ ఆరువేలు పోతే కిరాణా కొట్టులో అప్పు పుట్టదు, ఒకటో తారీఖు డబ్బులొస్తాయి అన్న నమ్మకం మీదే కదా కొట్టువాడు ఖాతా రాసేది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే తర్వాతి నెల నుంచే భార్యకి 4000 ఇచ్చేలా 2024 నవంబర్‌లో రూలు మార్చారు, అది మంచి మార్పు, అంతకుముందు ఒక్కో ఆడమనిషి ఏళ్ల తరబడి తిరిగేది. మీకిప్పుడు ఆ అవసరం లేదు, మీ పక్కింట్లో ఎవరికైనా ఉంటే చెప్పు, ఆ రూలు తెలియక అడగనివాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంకొకటి, నాన్న కోపంతో అన్నయ్య దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోతాను అంటే వెళ్లనివ్వు, ఒకటి రెండు నెలలు పింఛను తీసుకోకపోయినా తర్వాతి నెల కలిపి ఇస్తారు, కానీ వరసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస వెళ్లారని ఆపేస్తారు. అప్పీల్ మధ్యలో అది కూడా తోడైతే చాలా కష్టం.

ఈ డబ్బులో కేంద్రం వాటా ఎంతో తెలుసా, 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకి నెలకి 200 రూపాయలు. 2007 నుంచీ అదే 200. దివ్యాంగులకి 300, అదీ 80 శాతం వైకల్యం ఉంటేనే. మిగతాదంతా రాష్ట్రం పెట్టేదే, అందుకే ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, మొత్తం మారుతుంది, ఏరివేతలూ వస్తాయి. ఇంత పెద్ద దేశంలో ముసలివాళ్ల బతుకు 200 దగ్గర ఆగిపోయిందంటే నాకైతే చాలా కోపంగా ఉంటుంది, ఆ మొత్తం పెంచితే రాష్ట్రాలు ఇలా శాతాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిన అవసరం కొంతైనా తగ్గేది.

ఇక మీ నాన్న. నన్ను దొంగని చేశారు అంటున్నాడంటే ఆయన మనసు ఎంత నొచ్చుకుందో అర్థమవుతోంది. ముప్పై నలభై ఏళ్లు బస్తాలు మోసిన మనిషి, ఒకళ్ల దగ్గర చెయ్యి చాపలేదు, కాలు పోయాక వచ్చిన ఆ పింఛను ఆయనకి దానం కాదు, ఆ కాలుకి దక్కిన గౌరవం. ఇప్పుడు ఊళ్లో అందరి ముందు అనర్హుడు అనేసరికి తట్టుకోలేకపోతున్నాడు. ఆయన్ని బలవంతంగా లాక్కెళ్లొద్దు, డబ్బులు పోతాయి నాన్నా అని కూడా అనొద్దు, అది వింటే ఇంకా బిగుసుకుంటాడు. నోటీసు తెచ్చి నువ్వే చదివి వినిపించు, ఇందులో దొంగ అని ఎక్కడా లేదు నాన్నా, 34 అని రాసి ఉంది, అది తప్పు లెక్క, తప్పు లెక్కని తప్పని చెప్పడానికి వెళ్తున్నాం అని చెప్పు. లెక్క సంగతి హమాలీకి చెప్పక్కర్లేదు, మోసిన బస్తాలకి ఒకటి తక్కువ రాస్తే గుమస్తాతో తేల్చుకోకుండా ఇంటికొచ్చే మనిషి కాదు కదా ఆయన. మీ ఊళ్లో ఇంకో ఇద్దరు ముగ్గురికి నోటీసులు వచ్చే ఉంటాయి, వాళ్లని కూడా కలుపుకుని ఒకే రోజు వెళ్లండి, నలుగురితో వెళ్తే ఆయనకి సిగ్గు తగ్గుతుంది, ఎంపీడీవో ఆఫీసులో కూడా నలుగురు వస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఈ వారంలోనే అప్పీల్ పెట్టెయ్యి. పరీక్ష తారీఖు వచ్చాక గానీ కొత్త కాగితం ఏదైనా ఇచ్చినప్పుడు గానీ ఫోటో తీసి పంపు, తారీఖూ స్టాంపూ కనబడేలా తియ్యి, దాన్ని బట్టి తర్వాత ఏం రాయాలో చెప్తా.